ఖాతా మారింది

పిళ్ళప్ప ఎవరినైనా కొట్టబోయే ముందు చేతి ఉంగరాలు తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. మొత్తం నాలుగు ఉంగరాలు. దెబ్బ అదురుకు రాళ్ళు ఊడిపోతాయని ఆయన భయం. అవతలివాడి పళ్ళు ఊడిపోతాయన్న భయం మాత్రం ఏనాడూ పడినవాడు కాదు. చింతామణిలో వడ్డీ వ్యాపారం చేసే పెద్దమనిషి కదా, తన వస్తువులంటే ఆమాత్రం జాగ్రత్త ఉంటుంది.

బాగేపల్లిలో కాపురముండే రంజితకు ఈ ఉంగరాల సంగతి జూన్ నెలలో తెలిసింది. ఆ రోజు ఆమె భర్త గిరీశ్ చేసిన నేరం ఒక్కటే. "అన్నా, ఈ నెల కార్డు మాకియ్యి, ఇంట్లో బియ్యం లేవు" అన్నాడు. పిళ్ళప్ప ఏమీ తొందరపడలేదు. ఒక్కో ఉంగరాన్ని తిప్పి తిప్పి తీశాడు, జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. గిరీశ్ అంగడి మూతపడ్డాక తూకం రాళ్ళన్నీ ఇంట్లో ఒక మూల పెట్టి ఉన్నాయి. పిళ్ళప్ప వాటిలోంచి రెండు కేజీల రాయిని ఎంచాడు. ఆయన వెంట వచ్చిన మనిషి గిరీశ్ కుడిచేతిని గడప మీద ఆనించి పట్టుకున్నాడు. రాయి దిగింది. ఎముక విరిగితే పెద్ద చప్పుడు వస్తుందని రంజిత అనుకునేది. వక్క కొరికినంత చప్పుడే వచ్చింది. ఆ తర్వాత గిరీశ్ పెట్టిన కేక మాత్రం వీధి చివరి దాకా వినిపించింది, వీధిలో వాళ్ళంతా తలుపులు వేసుకున్నారు.

అప్పు రెండు లక్షలు. నూటికి నెలకు పది రూపాయల వడ్డీ. మూడేళ్ళలో అంగడి పోయింది, రంజిత నగలు పోయాయి, నాలుగు లక్షల పైచిలుకు పిళ్ళప్ప చేతికి పోయింది. అసలు మాత్రం ఒక్క రూపాయి కదల్లేదు. ఆయన నల్ల తోలుసంచిలో ఈ ఇంటివి రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి రంజిత ఏటీఎం కార్డు. పేరేసంద్ర దగ్గరి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమెకు నెలకు పదమూడు వేల జీతం. అది బ్యాంకులో పడిన సాయంత్రమే పిళ్ళప్ప పదివేలు గుంజుకుని, మూడు వేలు మిగులుస్తాడు. రెండోది ఒక స్టాంపు కాగితం. పైనంతా ఖాళీ, కింద మాత్రం రంజిత అత్త మీనాక్షమ్మ సంతకం. వాళ్ళుంటున్న ఇంటి ఖాతా ఆ ముసలమ్మ పేరు మీదే ఉంది. ఆ తట్టు ఇల్లు ఎవరిదో మునిసిపాలిటీ పుస్తకంలో రాసి ఇచ్చేదాన్ని ఖాతా అంటారు. "ఖాళీ జాగాలో నేను ఏం రాసుకుంటే అదే మీ ఇంటి రాత" అని పిళ్ళప్ప నవ్వుతూ అంటుంటాడు. ఆ కాగితానికి భయపడే ఈ ఇంట్లో ఎవరూ పోలీసు స్టేషన్ మెట్లెక్కలేదు.

గిరీశ్ చేతికట్టు విప్పే వేళకు రెండు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఆ చేత్తోనే వేరేవాళ్ళ అంగడిలో పొట్లాలు కట్టే పనికి పోయేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. రంజితకు అతని మీద జాలి ఒక పక్క, చెడ్డకోపం ఒక పక్క. ఆ కోపం అంతా ఎక్కడ చూపించాలో తెలియక ఒకరోజు ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి చిక్కబళ్ళాపురం బస్సెక్కింది. పాత బ్యాంకు గడప తొక్కలేదు. బస్టాండు దగ్గర ఇంకో బ్యాంకులోకి వెళ్ళి, నమ్రత అనే చిన్నమ్మాయి ముందు కుర్చీలో కూర్చుంది.

నమ్రత కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, హుషారుగా కాగితాలు పరిచింది. "శాలరీ అకౌంట్ తెరవండి మేడమ్. మంచి కార్డు వస్తాది, చెక్‌బుక్కు వస్తాది, ఇన్సూరెన్సు ఉండాది. ఆరునెల్లు జీతం పడితే లోను గూడ ఇస్తాము."

లోను మాట వినగానే రంజిత ఆ కాగితాలను పక్కకు జరిపింది.

"ఏమీ లేనిది ఏదన్నా ఉండాదా అమ్మా?"

"ఏమీ లేనిదంటే?"

"కార్డు లేనిది, చెక్కు లేనిది, లోను లేనిది. నేనొచ్చి నిలబడితే నా మొగం చూసి నా దుడ్డు నాకిచ్చేది."

నమ్రత నవ్వబోయి, రంజిత ముఖం చూసి ఆగింది. "బేసిక్ ఖాతా అని ఒకటుండాది. మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేదు, జీరో ఉన్నా ఫైన్ పడదు. నెలకు నాలుగు సార్లు తీసుకోవచ్చు. దానికీ కార్డు ఫ్రీగానే ఇస్తాము మేడమ్."

"ఫ్రీగా ఇచ్చినా వద్దు."

"కార్డు ఏంటికి వద్దు? అందురూ ముందు అదే అడుగుతారు."

"దానికి నా మొగం తెల్దమ్మా. ఎవురు దూర్చినా దుడ్డు ఇచ్చేస్తాది."

నమ్రత పెన్ను తీసుకుంది. ఫారం మీద కార్డు వద్దన్న చోట తానే టిక్కు పెట్టింది. ఆ వారంలోనే ఫోటో అంటించిన పాసుపుస్తకం వచ్చింది. దాని జెరాక్సు ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చి, వచ్చే జీతం కొత్త ఖాతాలో వేయమని రంజిత రాసిచ్చింది. కుట్టుమిషన్‌లో చిక్కుకున్న దారాన్ని మళ్ళీ తన వేలికి చుట్టుకున్నట్టు అనిపించి, వచ్చేటప్పుడు బస్సులో చాలా రోజుల తర్వాత కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

దీనికి ఫలితం ఏమిటో ఆమెకు తెలుసు. పిళ్ళప్ప వస్తాడు, కొడతాడు. అయినా ఆమె లెక్క ఆమెకుంది, కోమట్ల ఇంటి కోడలు కదా. ఇల్లు రాయించుకుంటే ఆయనకు ఒక్కసారే లాభం, తను సంపాదించినంత కాలం నెల నెలా లాభం. నెలకు ఐదువేలు, ముట్టినట్టు చీటీ రాసిస్తేనే ఇస్తానంటే తన్ని తన్ని చివరికి ఒప్పుకుంటాడు. దెబ్బలు ఎట్లాగూ తప్పేవి కావు, కడుపునిండా తిని తిందాం అనుకుంది.

ఈ సంగతి అత్తకు చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్ళ మీనాక్షమ్మ పొద్దున లేచింది మొదలు నడవలో కూర్చుని వక్కలు కొరుక్కుంటూ ఉంటుంది. అడకత్తెర ఎందుకు, దేవుడు పళ్ళు ఇచ్చింది ఎందుకు అంటుంది. ముప్పై ఏళ్ళవాళ్ళు పంటి డాక్టరు దగ్గర బారులు తీరే కాలంలో ఆ ముసలమ్మ పచ్చివక్కనూ ఎండువక్కనూ ఒకే తీరుగా పటపటలాడిస్తుంది. ఆమెను భయపెట్టడమెందుకని రంజిత ఊరుకుంది. గిరీశ్‌కు మాత్రం చెప్పింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసీ చెప్పింది, మొగుడు కదా అని.

"ఖాతా మార్పించినాను. ఆయప్ప అడిగితే నోరు తెరవొద్దు. నేను మాట్లాడుకుంటా."

సరేనని తలూపాడు గిరీశ్. అతని తలకేం, పాపం, ఎవరు ఏమన్నా ఊగుతుంది.

శనివారం జీతం పడింది. సాయంత్రం చింతామణి బస్టాండు దగ్గరి ఏటీఎంలో పిళ్ళప్ప కార్డు దూర్చాడు. పన్నెండు రూపాయలున్నట్టు చూపించింది. వెంటనే గిరీశ్‌కు ఫోను చేశాడు. గిరీశ్ ఫోను చెవిన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. విరిగిన చెయ్యి దానంతటదే చంకలోకి దూరిపోయింది. రంజిత వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇక్కడ గిరీశ్ అలవాటు ఒకటి చెప్పాలి. పెళ్ళయి పదకొండేళ్ళయినా అతను రంజితను పేరు పెట్టి పిలిచింది లేదు. ఎదురుగా ఉంటే "ఇదో", నలుగురిలో అయితే "మా ఇంట్లో". అతని తండ్రీ అంతే, తాతా అంతే. పెళ్ళాం పేరు బజార్లో పలికేది మర్యాదస్తుల లక్షణం కాదని మీనాక్షమ్మ చిన్నప్పుడే నూరిపోసింది.

"అదీ... మా ఇంట్లో ఖాతా మార్పించేసిందన్నా" అన్నాడు ఫోనులో.

అవతల బస్సు హారన్లు.  తర్వాత పిళ్ళప్ప గొంతు రంజితకు కూడా వినిపించింది. "ఎవురి పేరు మీదికి?"

"తన పేరు మీదికేన్నా."

ఫోను కట్టయింది. రంజిత వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది. పిళ్ళప్ప జీతం సంగతి ఎత్తలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. కుక్క మొరగకుండా తోక దించి వస్తుంటేనే భయం.

ఆదివారం పొద్దున ఎనిమిదికి కారు వచ్చి వాకిట్లో ఆగింది. పిళ్ళప్పతో ఇద్దరు మనుషులు దిగారు. పిళ్ళప్ప చంకలో నల్లసంచి. లోపలికి వస్తూనే ఉంగరాలు తీయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది బిగుసుకుపోతే ఉమ్మి తడి చేసి లాగాడు.

"పిళ్ళప్పా, ఒక మాట విను. నెలకు ఐదువేలు..." అని రంజిత మొదలుపెట్టింది.

ఆమె మాట గాల్లో ఉండగానే ఒక మనిషి గిరీశ్ కడుపులో మోకాలితో పొడిచాడు. గిరీశ్ ముందుకు వంగాడు. రెండో మనిషి మెడ మీద మోచేత్తో గుద్దాడు. కిందపడ్డవాణ్ణి పక్కటెముకల్లో తన్నారు, మళ్ళీ తన్నారు. పాత దెబ్బ చేతిని కాపాడుకోవాలని గిరీశ్ దాని మీద బోర్లా పడుకుంటే వీపు మీద తన్నారు. రంజిత పిళ్ళప్పకు అడ్డం పోయింది. పిళ్ళప్ప ఆమెను చూడను కూడా చూడలేదు. పక్కకు తోసి తిన్నగా నడవలోకి పోయి, వక్క నోట్లో పెట్టుకోబోతున్న మీనాక్షమ్మను కొప్పు పట్టి లేపాడు.

రంజితకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. జీతం తనది, బ్యాంకు తనది. ముసలమ్మను ఎందుకు పట్టుకున్నట్టు?

"ఎవుర్నడిగి మార్పించినావే ముసిల్దానా?"

"ఏంది మార్పించేది నాయనా?"

చెంప మీద కొట్టాడు. వక్క ఎగిరి గోడకు తగిలింది. "ఏందో తెల్దా నీకు?" ఇంకో చెంప. ముసలమ్మ పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఆ నెత్తురు చూడగానే రంజితకు లోపల ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా ఒక్కసారి తెగింది. మూలనున్న కేజీ రాయి అందుకుని దగ్గరున్న మనిషి కాలెముక మీద పట్టి కొట్టింది. వాడు కుప్పకూలి గావుకేక పెట్టాడు. ఇంకోసారి ఎత్తింది, ఈసారి తల మీదికే. నిజంగా చంపేయాలనే ఎత్తింది. రెండోవాడు వెనకనుంచి జుట్టు పట్టి ఆమె నుదుటిని తలుపుచెక్కకు బాదాడు. రాయి చేతిలోంచి జారింది. కంట్లోకి నెత్తురు వచ్చి సగం ఇల్లు ఎర్రగా కనిపించింది.

ఆ ఎరుపులోనే ఆమె చూసింది, పిళ్ళప్ప సంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు.

"ఈ సంతకం నమ్మి గదా రెండు లచ్చలు ఇచ్చింది నేను! ఇల్లు కోడలి పేరుకు దాటించినాక ఈ సంతకానికి వక్కపొట్లం గూడ రాదు. నా దుడ్డు తింటిరి. ఇది గూడ తిను! తినవే!"

కాగితాన్ని పిడికిట్లో ఉండచేసి ముసలమ్మ నోట్లో కుక్కాడు. అరచేత్తో నోరూ ముక్కూ కలిపి అదిమిపెట్టి గోడకు నొక్కాడు. మీనాక్షమ్మ కాళ్ళు నేల మీద టపటప కొట్టుకున్నాయి. కళ్ళు పైకి తేలాయి. వాకిట్లో జనం మూగుతున్నారు, పక్కింటి భాను "అయ్యో, సంపేస్తాండారు, సంపేస్తాండారు" అని అరుస్తోంది. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

"అన్నా, మా యమ్మను ఇడిచిపెట్టన్నా! ఆయమ్మకేం తెల్దు!" నేల మీద పాకుతూ వచ్చి గిరీశ్ పిళ్ళప్ప కాలు పట్టుకున్నాడు.

"ఇంటి ఖాతా మార్పించేసిందని నీ నోటితోనే చెప్తివి గదరా!"

"ఇంటి ఖాతా అనలేదన్నా, మా ఇంట్లో అంటిని..."

"ఏం తేడారా నా కొడకా?"

తేడా ఏమిటో రంజితకు అప్పుడు తెలిసింది. అరవబోయింది. వెనకవాడు నోరు మూసేశాడు. ఖాతా ఒక్కటే మాట, బ్యాంకుదీ అదే, ఇంటిదీ అదే. తన మొగుడు "మా ఇంట్లో" అన్నది పెళ్ళాన్ని, పిళ్ళప్ప విన్నది ఇంటిని; ముసలమ్మ ఇల్లు కోడలి పేరుకు రాసేసిందనుకున్నాడు. ఆ ముక్క చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడికి పదకొండేళ్ళుగా నాలుక తిరగలేదు. ముసలమ్మ కాళ్ళు కొట్టుకోవడం నెమ్మదించింది.

"రంజిత!" అన్నాడు గిరీశ్. గొంతు చీలిపోయేట్టు అరిచాడు. "రంజితన్నా! నా పెండ్లాము రంజిత! ఆమె బ్యాంకు ఖాతా మార్పించింది, జీతం ఖాతా! ఇల్లు మా యమ్మ పేరు మీదే ఉండాది, ఎవురూ ముట్టలేదు!"

 పిళ్ళప్ప ముఖంలో లెక్క తిరగడం రంజిత ఒంటికంటితో చూసింది. ఇల్లు ముసలమ్మ పేరు మీదే ఉంది. అయితే సంతకం చెల్లుతుంది. ఆ సంతకం తన అరచేతి కింద, ముసలమ్మ నోట్లో ఉంది. నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు.

మీనాక్షమ్మ ఈలవేసినట్టు గాలి పీల్చుకుంది. ముక్కుతోనే పీల్చింది, నోరు తెరవలేదు.

"అమ్మా," అన్నాడు పిళ్ళప్ప. ఇందాకటి గొంతే కాదు అది, గుళ్ళో పూజారి గొంతు. "పొరపాటాయె. ఉమ్మెయ్యమ్మా. మెల్లింగ ఉమ్మెయ్."

ముసలమ్మ ఆయన్ని చూసింది. కిందపడ్డ కొడుకును చూసింది. నుదురు పగిలిన కోడలి వైపు చూసి, కళ్ళు అక్కడే నిలిపింది. తర్వాత ఆమె దవడ కదిలింది. ఒకసారి. రెండోసారి. నమిలింది.

"ఏయ్, ఉమ్మెయ్ అంటాంటే!" పిళ్ళప్ప ఎడమచేత్తో ఆమె దవడలు నొక్కి, కుడిచేతి వేళ్ళు రెండు నోట్లో దూర్చాడు. ఉంగరాలుండి ఉంటే ఆమె పళ్ళే విరిగేవి. ఉంగరాలు జాగ్రత్తగా జేబులో ఉన్నాయి.

వక్క కొరికిన చప్పుడు వచ్చింది.

పిళ్ళప్ప పెట్టిన కేకకు అతని మనిషి రంజితను వదిలేసి పరుగెత్తాడు. ముసలమ్మ వదల్లేదు. భుజాలు పట్టి గుంజినా, వీపు మీద గుద్దినా వదల్లేదు. గిరీశ్ మంచిచేత్తో వాడి కాలు లాగి పడేశాడు. రంజిత కేజీ రాయి వెతికి మళ్ళీ చేతికి తీసుకుని, అత్త ముందు నిలబడింది. ఇంతసేపూ వాకిట్లో నిలబడ్డ జనానికి అప్పుడు ధైర్యం వచ్చింది. కొట్టేవాడు ఏడుస్తుంటే ఎవరికైనా వస్తుంది ధైర్యం. ముందు భాను దూరింది, వెనక పదిమంది దూరారు. ఒకరిద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

వేళ్ళు బయటికి వచ్చేసరికి చూపుడువేలు మొదటి కణుపు చర్మానికి వేలాడుతోంది. పిళ్ళప్ప దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని, తెల్లబోయిన ముఖంతో గోడ పట్టుకుని నడిచాడు. కాలు విరిగినవాణ్ణి రెండోవాడు ఈడ్చుకుపోయాడు.

"మీ అంతు చూస్తానే!" అన్నాడు పిళ్ళప్ప గడప దగ్గర.

"చూద్దువు," అంది రంజిత. చేతిలో రాయి ఇంకా ఉంది. "అసలుకు రెండింతలు కట్టినాము. ఇంగా రావాలంటే లెక్క రాసుకోని కోర్టుకు రా. నేనిప్పుడే స్టేషన్‌కు పోతాండా. ఆ కార్డు నువ్వే పెట్టుకో, దాంట్లో పన్నెండు రూపాయలుండాయి."

కారు వెళ్ళిపోయింది. రంజిత రాయిని మూలకు విసిరేసింది. అత్త పక్కనే కూలబడి ఆమెను పట్టుకుని భోరున ఏడ్చింది. భాను చెంబుతో నీళ్ళు తెచ్చింది. మీనాక్షమ్మ కళ్ళు మూసుకుని, గొంతు గట్టిగా సాగదీసి, ఏదో మింగింది. నీళ్ళు తాగింది. పుక్కిలించి పక్కకు ఉమ్మితే నెత్తుటితో పాటు చిన్న ముక్క పడింది. రంజిత దాన్ని తీసి వేలి మీద పరిచి చూసింది. కాగితం పైభాగపు అంచు, ప్రభుత్వ ముద్రలో పావువంతు.

"సంతకం యాడత్తా?"

"కడుపులో ఉండాది. ఉప్పుగా ఉండె, ఆయప్ప రక్తమో నాదో తెల్దు."

గిరీశ్ పాక్కుంటూ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అతనికి ఊపిరి తీస్తే పక్కటెముకలు నొస్తున్నాయి. మీనాక్షమ్మ వాచిన కళ్ళతో వాణ్ణి చాలాసేపు చూసింది.

"ఏమిరా, పెండ్లాము పేరు ఇంతమందిలో అంటివే."

గిరీశ్ తల వంచుకున్నాడు. "తప్పాయమ్మా. నిన్న ఫోన్లోనే అనుంటే నీకు ఈ దెబ్బలు తప్పిపోయేవి."

"తప్పిపోయేవి," అంది ముసలమ్మ. చెంబు మళ్ళీ ఎత్తి ఒక గుక్క తాగి, మిగిలిన నీళ్ళు కోడలి చేతికిచ్చింది. "నిన్ననే అనుంటే ఇల్లు మాత్రం ఇంగా ఆయప్ప సంచిలోనే ఉండేదిరా."